‘ఇడియట్’ అంటే మూర్ఖుడేనా? ఒక మాట అర్థం మారుతూ వచ్చిన తీరు

క్లుప్తంగా: గ్రీకులో ‘పదవి లేని మామూలు మనిషి’ అనే అర్థంతో పుట్టిన ‘ఇడియట్’ లాటిన్‌లో చదువురానివాడిగా, ఇంగ్లిష్ చట్టంలో పుట్టుకతో బుద్ధి వికసించనివాడిగా, వైద్యంలో ఒక రోగస్థాయి పేరుగా మారి, చివరకు కేవలం తిట్టుగా మిగిలింది. ఈ దశల్లో ఏ ఒక్కదానికీ ‘మూర్ఖుడు’ సరైన తెలుగు కాదు. భారతదేశంలో హిందూ వివాహ చట్టంలోనూ, ప్రత్యేక వివాహ చట్టంలోనూ ఈ మాట 1976 దాకా ఉంది. వైకల్యం ఉన్నవారి మీద దీన్ని అవమానంగా ప్రయోగిస్తే నేడు అది శిక్షార్హమైన నేరం కాగలదు.

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే శిక్షణ కేంద్రాలకు కొదవ లేదు. గాజువాక, పెందుర్తి వైపు నుంచీ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పల్లెల నుంచీ వచ్చిన విద్యార్థులు అక్కడ పాఠం వింటూ ఇంగ్లిష్ మాటను ఎడమ పక్క, తెలుగు అర్థాన్ని కుడి పక్క రాసుకుంటారు. అలాంటి నోటుపుస్తకంలో ‘ఇడియట్’కు ఎదురుగా సాధారణంగా కనబడే మాట ‘మూర్ఖుడు’ లేదా ‘తెలివితక్కువవాడు’. ఆ జతను నమ్ముకున్న విద్యార్థి ‘కంప్యూటర్ల సంగతి నాకు అంతగా తెలియదు’ అని చెప్పవలసి వచ్చి ‘ఐ యామ్ ఏన్ ఇడియట్ ఇన్ కంప్యూటర్స్’ అని రాస్తే, వాక్యంలో వ్యాకరణ దోషం పెద్దగా ఉండదు. కానీ ఉద్యోగ ఇంటర్వ్యూలో అది తనను తాను తిట్టుకున్నట్టు వినిపిస్తుంది. అక్కడ పలకవలసిన మాట ‘లేమన్’, అంటే ఆ విద్యలో ప్రవేశం లేని మామూలు మనిషి. విశేషమేమిటంటే, రెండున్నర వేల ఏళ్ల కిందట ‘ఇడియట్’ మూలపదానికి ఉన్న అర్థం సరిగ్గా అదే.

పుట్టుకలో తిట్టు కాదు

గ్రీకులో ‘ఇడియోస్’ అంటే సొంత, తనకు చెందిన. దాని నుంచి వచ్చిన ‘ఇడియోటెస్’ సొంత బతుకు బతికే మనిషిని, అంటే రాజ్యంలో ఏ పదవీ లేని పౌరుణ్ణి సూచించేది. ఈ మాటకు అర్థం ఎదుట నిలిచే మాటను బట్టి మారేది. అధికారి పక్కన పెడితే పదవి లేనివాడు, సేనాధిపతి పక్కన పెడితే మామూలు సైనికుడు, వైద్యుడి పక్కన పెడితే వైద్యం తెలియనివాడు అయ్యేవాడు. తెలుగులో ‘పండిత పామరులు’ అన్నప్పుడు ‘పామరుడు’ చేసే పని ఇలాంటిదే. పామరుడికి శాస్త్రం తెలియదు, అంతమాత్రాన బుద్ధి లేదని అర్థం కాదు.

ఎన్నికలు దగ్గరపడినప్పుడల్లా వాట్సాప్‌లో తిరిగే ఒక సందేశం ఈ చరిత్రను కొంత వక్రీకరిస్తుంది. ప్రాచీన ఏథెన్స్‌లో ఓటు వేయనివాణ్ణి, ప్రజావ్యవహారాలు పట్టనివాణ్ణి ‘ఇడియట్’ అని తిట్టేవారని దాని సారాంశం. పౌరుడు ప్రజావ్యవహారాలలో పాల్గొనాలని ఏథెన్స్ ఆశించిన మాట నిజమే. ఏథెన్స్‌కూ స్పార్టాకూ మధ్య క్రీ.పూ. 431లో మొదలైన పెలొపొనీసియన్ యుద్ధంలో తొలి ఏడాది చనిపోయినవారి సంస్మరణలో ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ చేసిన ప్రసంగాన్ని చరిత్రకారుడు థ్యూసిడిడీస్ నమోదు చేశాడు. ప్రజావ్యవహారాలకు దూరంగా ఉండేవాడి గురించి అందులో కటువైన మాటే ఉంది. అయితే ఆ మాట ‘అఖ్రెయోస్’, అంటే పనికిరానివాడు, ‘ఇడియోటెస్’ కాదు. ఓటు వేయమని చెప్పడానికి కారణాలు ఎన్నో ఉన్నాయి. వాటికి తోడుగా లేని చరిత్రను చేర్చవలసిన అవసరం లేదు.

‘ఇడియోస్’ అనే వేరు నుంచే వచ్చిన మరో రెండు మాటలు నేటికీ వాడుకలో ఉన్నాయి, వాటిలో తిట్టు ఛాయ ఏమాత్రం లేదు. ఒకటి ‘ఇడియం’, ఒక భాషకు సొంతమైన నుడికారం. రెండోది వైద్యులు రాసే ‘ఇడియోపతిక్’. కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రులలో రోగి చేతికి వచ్చే రిపోర్టు మీద ఈ మాట కనబడితే కంగారు పడవలసిన పని లేదు. దాని అర్థం బయటి కారణం ఇదీ అని తేలని, తనంతట తానుగా వచ్చినట్టు కనిపించే జబ్బు అని మాత్రమే. రోగి తెలివి గురించి అది ఏమీ చెప్పదు.

పామరుడి నుంచి అజ్ఞాని దాకా

గ్రీకు మాట లాటిన్‌లోకి ‘ఇడియోటా’గా వెళ్లాక దాని కేంద్రం జరిగింది. ఒక విద్య తెలియనివాడు అనే అర్థం, ఏ చదువూ లేనివాడు అనే అర్థం వైపు మొగ్గింది. క్రొత్త నిబంధన గ్రీకు మూలం ఈ మలుపు దగ్గర నిలిచి ఉంది. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం 13వ వచనంలో యేసు శిష్యులైన పేతురు, యోహానులను అధికారులు చూసిన తీరును చెబుతూ ‘ఇడియోటాయ్’ అనే బహువచనం వాడారు. దీనికి 1611 నాటి ఇంగ్లిష్ అనువాదం ‘అజ్ఞానులు’ అనే అర్థమిచ్చే మాట వేయగా, తెలుగు బైబిల్ ‘విద్యలేని పామరులు’ అంటుంది. తెలుగు అనువాదమే మూలానికి దగ్గరగా ఉంది. ఆ ఇద్దరూ జాలరులు, శాస్త్రులు కారు. వారి ధైర్యాన్ని చూసి అధికారులు ఆశ్చర్యపోయింది అందుకే.

తెలుగులో బైబిల్ అనువాద చరిత్రకు విశాఖతో సంబంధం ఉంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డేగ్రాంజెస్ 1805లో ఈ ఊరు చేరి తెలుగు నేర్చుకుని, సువార్తల అనువాదానికి ఇక్కడే పూనుకున్నారు. నేటి వచనంలోని మాటల కూర్పు తర్వాతి సవరణలు దాటి వచ్చినదే అయినా, ఒక గ్రీకు మాటకు సరితూగే తెలుగు మాట కోసం వెదకడం ఈ సముద్రతీరంలో రెండు శతాబ్దాల కిందటే మొదలైంది.

ఆస్తి తగాదాలు కట్టిన అర్థం

ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చాక ఈ మాటకు కచ్చితమైన అర్థాన్ని ఏర్పరచింది న్యాయస్థానాలు. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో బుద్ధి వికసించని వారసుడి భూమిని ఎవరు చూడాలన్నది డబ్బుతో ముడిపడిన ప్రశ్న. చట్టం రెండు వర్గాలను విడదీసింది. పుట్టుకతోనే గ్రహణశక్తి లేని వ్యక్తి ‘ఇడియట్’. పుట్టినప్పుడు బాగానే ఉండి తర్వాత మతి తప్పినవాడు, నడుమ తేరుకునే అవకాశం ఉన్నవాడు ‘లూనాటిక్’. చంద్రుణ్ణి సూచించే లాటిన్ మాట ‘లూనా’ దీని మూలం. ‘ఇడియట్’ భూమి మీద వచ్చే ఆదాయం, అతని పోషణ ఖర్చు పోను, రాజుకు చెందేది. ‘లూనాటిక్’ విషయంలో మిగులు అతని కోసమే కాపాడవలసి ఉండేది. అంటే ఒక మనిషిని ఏ పేరుతో పిలుస్తారన్న దాని మీద ఒక కుటుంబపు ఆదాయం ఆధారపడేది.

అందుకే పరీక్షలు వచ్చాయి. పాత న్యాయగ్రంథాలు చెప్పే కొలత ఇది: ఇరవై పెన్నీలు లెక్కపెట్టలేనివాడు, తల్లిదండ్రులెవరో చెప్పలేనివాడు, తన వయసు తెలియనివాడు ‘ఇడియట్’. నాణేలు లెక్కపెట్టగలిగితే ఆ ముద్ర తప్పేది. నేటి కళ్లకు ఈ కొలత మోటుగా కనిపించినా, అందులో ఒక జాగ్రత్త ఉంది. ఎవరినో నచ్చక అన్న మాట అక్కడ చెల్లదు, విచారణ జరగాలి. ఆ కాలంలో ఈ మాట తిట్టుకన్నా తీర్పుగా పనిచేసింది.

వైద్యం చేసిన కొలత, వీధి చేసిన తిట్టు

19వ శతాబ్దంలో ఈ మాట ఆసుపత్రుల్లోకి ప్రవేశించింది. బ్రిటన్ 1886లో చేసిన చట్టానికి పేరే ‘ఇడియట్స్ యాక్ట్’. 1905లో ఫ్రాన్స్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ పిల్లల బుద్ధిని కొలిచే పరీక్షను రూపొందించాక, మానసిక వయస్సు లెక్కన మెట్లు ఏర్పడ్డాయి. పెద్దవారైనా బుద్ధి రెండేళ్ల పిల్లల స్థాయిని దాటనివారిని ‘ఇడియట్’ అనీ, మూడు నుంచి ఏడేళ్ల స్థాయిలో ఉన్నవారిని ‘ఇంబెసైల్’ అనీ అన్నారు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల స్థాయి వారి కోసం అమెరికన్ మనోవిజ్ఞాని హెన్రీ గాడర్డ్ 1910లో ‘మోరన్’ అనే కొత్త మాటను గ్రీకు ధాతువు నుంచి తయారుచేశాడు. నేడు కోపంలో మార్చి మార్చి వాడే ఈ మూడు మాటలూ ఒకప్పుడు రోగి కాగితాల మీద వేర్వేరు అర్థాలతో రాసినవే.

ఈ మెట్లు నిలవకపోవడానికి కారణం పరిశీలించదగినది. వైద్యులు ఒక స్థితికి పేరు పెడతారు. ఆ స్థితి పట్ల సమాజంలో అప్పటికే ఉన్న చులకన ఆ పేరుకు అంటుకుంటుంది. పిల్లలు ఆటస్థలంలో, పెద్దలు తగాదాలలో ఆ పేరును తిట్టుగా తీసుకుంటారు. అప్పుడు వైద్యులు ఆ మాటను వదిలి మరింత మెత్తని మాటను ఎంచుకుంటారు, కొన్నేళ్లకు దానికీ అదే గతి పడుతుంది. భాషా పరిశోధకుడు స్టీవెన్ పింకర్ దీనికి ‘యూఫెమిజం ట్రెడ్‌మిల్’ అని పేరు పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే గానుగెద్దు నడక: ఎంత నడిచినా చేరేది అదే చోటికి. ‘ఇడియట్’, ‘ఇంబెసైల్’ పోయి ‘మెంటల్ రిటార్డేషన్’ వచ్చింది; అదీ తిట్టుగా మారాక అమెరికా 2010లో తన సమాఖ్య చట్టాలలో దాన్ని తొలగించి ‘ఇంటలెక్చువల్ డిజెబిలిటీ’ (బౌద్ధిక వైకల్యం) అనే మాటను పెట్టింది. తెలుగు వీధుల్లో ‘మెంటల్’ అనే విశేషణం ‘వాడో మెంటల్’ అంటూ ఏకంగా నామవాచకమైపోయింది. మాట ఇంగ్లిష్‌దే అయినా జరిగిన పని అచ్చంగా ఇక్కడిది.

మాటలు ఇలా జారడం మన భాషలకు కొత్తేమీ కాదు. భర్తను కోల్పోయిన స్త్రీని చెప్పే ‘విధవ’ నుంచి వచ్చిన ‘వెధవ’ నేడు మగవాడిని తిట్టే మాట. ఒక స్త్రీ దుఃఖం పట్ల సమాజం చూపిన చులకనకు అది మిగిలిన గుర్తు. అశోకుడు తన శాసనాలలో సగర్వంగా చెప్పుకున్న ‘దేవానాంప్రియ’ బిరుదుకు తర్వాతి సంస్కృత వ్యాకరణ సంప్రదాయం మూర్ఖుడనే అర్థాన్ని నమోదు చేసింది. కర్నూలు సీమలోని ఎర్రగుడి శిలల మీద గౌరవవాచకంగా చెక్కిన మాట పండితుల నోట ఎగతాళి మాటైంది.

భారతీయ చట్టాలలో ఆ మాట

బ్రిటిష్ పాలన ఈ విభజనను ఇక్కడికీ తెచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో మద్రాసు, కాలికట్‌లతో పాటు విశాఖపట్నంలో కూడా ‘లూనాటిక్ అసైలం’ ఉండేది. నేడు వాల్తేరులో ఉన్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఊరి జనం నోట ఇప్పటికీ వినబడేది ‘పిచ్చాసుపత్రి’. 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం ‘లూనాటిక్’ను నిర్వచిస్తూ ‘ఇడియట్ లేదా మతి స్థిమితం లేని వ్యక్తి’ అంది. 1928లో హిందూ వారసత్వంలోని అనర్హతలను తొలగించిన చట్టం కూడా పుట్టుకతో ‘లూనాటిక్ లేదా ఇడియట్’ అయినవారిని ఆ మేలుకు వెలుపలే ఉంచింది. వైకల్యం కారణంగా వారసత్వం పోకూడదన్న నియమం 1956 హిందూ వారసత్వ చట్టంతో వచ్చింది.

స్వాతంత్ర్యం తర్వాత కూడా ఈ మాట కొనసాగింది. 1954 ప్రత్యేక వివాహ చట్టం, 1955 హిందూ వివాహ చట్టం రెండూ వధూవరులలో ఎవరూ ‘ఇడియట్ లేదా లూనాటిక్’ కాకూడదని షరతు పెట్టాయి. 1976 సవరణ ఆ మాటలను తీసివేసి, చెల్లుబాటయ్యే సమ్మతి ఇవ్వగల స్థితి ఉందా, మానసిక రుగ్మత ఏ రకమైనది, ఎంత తీవ్రమైనది అనే ప్రశ్నలను వాటి స్థానంలో పెట్టింది. ఈ మార్పు విలువ మర్యాదకన్నా ఎక్కువ. పాత షరతు మనిషిని ఒక వర్గంలో పడేసి తలుపు మూసేది. కొత్త షరతు ఆ మనిషి ఆ సమయంలో ఏమి గ్రహించగలడని అడుగుతుంది. 1912 చట్టం స్థానంలో 1987లో మానసిక ఆరోగ్య చట్టం, దాని స్థానంలో 2017లో మరో చట్టం వచ్చాయి. పాత తీర్పులు చదివే న్యాయ విద్యార్థులకు ‘ఇడియట్’ కనబడితే దాన్ని ‘మూర్ఖుడు’ అని తెనిగించడం పెద్ద పొరపాటు. అక్కడ అర్థం ‘పుట్టుకతో బుద్ధి వికాసం లేని వ్యక్తి’.

తెలుగులో సరిజోడు ఎందుకు దొరకదు

‘మూర్ఖుడు’ నేటి తెలుగులో ప్రధానంగా మొండితనాన్ని చెప్పే మాట. ‘మూర్ఖంగా వాదించకు’ అంటే తెలివి లేకుండా వాదించకు అని కాదు, చెప్పేది వినిపించుకో అని. భర్తృహరి నీతిశతకంలోని మూర్ఖపద్ధతి చెప్పేదీ అదే: ఏమీ తెలియనివాడికి నచ్చజెప్పవచ్చు, బాగా తెలిసినవాడికి మరింత సులువుగా చెప్పవచ్చు, కొంచెం తెలిసి మిడిసిపడేవాణ్ణి ఒప్పించడం బ్రహ్మ తరం కూడా కాదు. అలాంటివాడిలో ఉన్నది బుద్ధి కొరత కాదు, వినయం కొరత.

మిగిలిన మాటలు కూడా వేటికవి వేరు లోపాన్ని పట్టి చూపుతాయి. ‘మొద్దు’, ‘మట్టిబుర్ర’, ‘శుంఠ’ చదువు ఎక్కకపోవడాన్ని చెబుతాయి. ‘చవట’, ‘దద్దమ్మ’ చేతకానితనాన్ని అంటాయి. ‘అమాయకుడు’లో నింద కన్నా జాలి ఎక్కువ. ‘వెర్రిబాగులవాడు’లో తెలివితక్కువతనమూ మంచితనమూ కలిసి ఉంటాయి. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం మాటతీరులో ‘వె’ కాస్తా ‘ఎ’గా మారి ‘ఎర్రోడు’ అవుతుంది. స్నేహితుల మధ్య ‘ఒరే ఎర్రోడా, ఆ బస్సు సింహాచలం పోదురా’ అంటే అది దిద్దుబాటు, దానిలో చనువు తప్ప నింద లేదు.

వాడుక ఇంగ్లిష్‌లో ‘ఇడియట్’ ప్రధానంగా పట్టుకునేది మరో లోపాన్ని: తెలివి ఉండి కూడా ఆ క్షణాన దాన్ని వాడకపోవడం. మద్దిలపాలెం దగ్గర జాతీయ రహదారి మీద, అవతలి మలుపు దాకా వెళ్లడం ఇష్టం లేక, వచ్చే లారీలకు ఎదురుగా మోటారు సైకిల్ నడుపుతూ, వెనక కూర్చున్న మనిషి ఒడిలో పసిబిడ్డ ఉన్నా వేగం తగ్గించనివాణ్ణి ఊహించుకుంటే విషయం స్పష్టమవుతుంది. అతను మొద్దు కాడు, బండి నడపడం బాగా వచ్చు. అమాయకుడు అంతకన్నా కాడు, ఏం జరగగలదో అతనికి తెలుసు. అతణ్ణి చూసినవారి నోట అప్రయత్నంగా వచ్చే మాట ‘ఇడియట్’. తెలుగులో ఈ భావం ‘బుద్ధి ఉందా?’ అనే ప్రశ్నగా వస్తుంది. ఇంగ్లిష్ నామవాచకంతో చేసే పనిని తెలుగు తరచు ఇలా ప్రశ్నతో చేస్తుంది కనుకనే నిఘంటువులో ఒక్క మాట వెదికినవారికి అది దొరకదు.

దగ్గరి మాటలతో పోల్చితే, ‘సిల్లీ’ చాలా తేలిక, ‘ఫూల్’ మోసపోయినవాడికీ తగులుతుంది, ‘మోరన్’ ‘ఇడియట్’ కన్నా కరుకు.

నగర సంభాషణలో దాని బరువు

తెలుగు మాటల మధ్య ఇమిడినప్పుడు ఈ మాట బరువు మారుతుంది. చదువుకున్న ఇళ్లలో ‘వెధవ’ అనడం మోటుగా తోచి, పిల్లలను మందలించడానికి ‘ఇడియట్’ అనేవారు ఉన్నారు. పరభాషా పదం కాబట్టి చురుకు తక్కువన్న నమ్మకం దీనికి ఆధారం. 2002లో ఈ మాటే పేరుగా తెలుగు సినిమా రావడం, 2009లో దీని బహువచనం ఒక ప్రసిద్ధ హిందీ సినిమా పేరులో చేరడం ఆ మాటకు యువతలో అల్లరి, చనువు అనే ఛాయలను మరింత దగ్గర చేశాయి.

తెలుగు తిట్టు సాధారణంగా ‘రా’ అనే పిలుపుతో, ఏకవచనంతో కలిసి వస్తుంది. తిట్టినవాడు మర్యాద గీత దాటాడని వెంటనే తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో ‘యూ’ ఒక్కటే కాబట్టి ఆ గీత కనిపించదు. ఈ వీలును ఆసరా చేసుకుని, కిందివారిని ‘మీరు’ అనే అధికారి కూడా కోపంలో ‘ఇడియట్’ అనేస్తాడు. విన్న ఉద్యోగికి మాత్రం అది తేలికగా అనిపించదు. నేవీ, ఓడరేవు, ఉక్కు కర్మాగారం వల్ల హిందీ, బెంగాలీ, ఒడియా, మలయాళం మాట్లాడేవారు ఒకే చోట పనిచేసే విశాఖలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. స్నేహితుడు నవ్వుతూ అన్నదీ, పై అధికారి అందరి ముందు అన్నదీ ఒకే మాట; నొప్పి మాత్రం ఒకటి కాదు. ఈమెయిల్‌లో రాస్తే నవ్వు కనబడదు కనుక స్నేహంగా రాసినది కూడా అవమానంగానే చదువుతారు.

చట్టం ఈ విషయంలో మాటల జాబితా పెట్టుకోలేదు, ఉద్దేశాన్ని చూస్తుంది. శాంతిభంగం జరిగేలా రెచ్చగొట్టాలని కావాలని అవమానించడం భారతీయ న్యాయ సంహిత 352వ సెక్షన్ కింద నేరం. కోపంలో జారిన ప్రతి ‘ఇడియట్’ దాని కిందికి రాదు. వైకల్యం ఉన్న వ్యక్తి విషయంలో లెక్క వేరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ప్రకారం, నలుగురికీ కనిపించే చోట ఆ వ్యక్తిని కించపరచాలని కావాలని అవమానిస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు, జరిమానా పడవచ్చు. బుద్ధి వికాసం ఆలస్యమైన పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని సాయంత్రం ఆర్కే బీచ్‌కు తీసుకొచ్చే తల్లికి వెనక నుంచి ‘ఇడియట్’ అని వినిపిస్తే, ఆమె చెవిని తాకేది సినిమా పేరు కాదు, 1910 నాటి ఆసుపత్రి కాగితం మీది మాట.